పదును పెట్టే ఇంగ్లీషు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధరుగు మీద ఇంగ్లీషు ట్యూషను చెబుతాను. నా దగ్గరికొచ్చే పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. మూడింటి మధ్య మాటలు అటూ ఇటూ జారిపోతుంటాయి. అన్నిటికంటే ఎక్కువ జారేది ‘పదును పెట్టడం’ దగ్గరే అని ఇన్నేళ్ళకి తేలింది. పిల్లలు, వాళ్ళని దింపడానికొచ్చిన తల్లులు, ఒకరిద్దరు కొమ్ముపనివాళ్ళు అడిగిన ప్రశ్నలే ఇవి. వరస ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

షార్పెన్ అన్న మాట ఒకటుంది కదా మాస్టారూ, మళ్ళీ హోన్, వెట్, గ్రైండ్, స్ట్రాప్ అని ఇన్నెందుకు?

ఈ ప్రశ్నకి జవాబు మా వీధిలోకి సైకిలు మీద వస్తుంది. సానవాడు సైకిలుకి స్టాండు వేసి, వెనక చక్రానికి పట్టీ తగిలించి పెడలు తొక్కుతాడు. హ్యాండిలు దగ్గర బిగించిన సానచక్రం గిర్రున తిరుగుతుంది. మా ఆవిడ కత్తిపీట ఊడదీసి ఆ బద్ద అతని చేతిలో పెట్టింది. పనసకాయ కొట్టి కొట్టి దాని అంచు గంట్లు పడిపోయింది.

మొదట అతను చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు ఎగిరాయి, గంట్లు పోయేదాకా ఇనుము అరిగింది. ఇది గ్రైండ్. మధ్యమధ్య డబ్బాలో నీళ్ళలో ముంచుతున్నాడు, ఎందుకంటే మరీ వేడెక్కి అంచు నీలంగా మారిందంటే ఉక్కు మెత్తబడి, ఎంత నూరినా పదును నిలవదు. తరవాత వేలితో అవతలి పక్క తడిమి నాకూ చూపించాడు. కంటికి ఆనని సన్నటి ఇనప పీచు ఒకటి అంచు పొడుగునా లేచి గోటికి తగులుతోంది. ఇంగ్లీషులో దాన్ని బర్ అంటారు. అది లేచిందంటే అరగదీత అంచుదాకా వచ్చిందని లెక్క. అప్పుడు సంచిలోంచి నున్నటి రాయి తీసి, నీళ్ళు చల్లి, అటో నాలుగు సార్లు ఇటో నాలుగు సార్లు మెల్లగా రాశాడు. ఇది హోన్. చివరికి పాత తోలుబెల్టు మోకాలికింద తొక్కిపెట్టి, అంచు వెనక్కి వచ్చేలా దాని మీద లాగాడు. ఇది స్ట్రాప్. బొటనవేలు అంచుకి అడ్డంగా ఆడించి చూసి (పొడుగునా ఎప్పుడూ చూడకండి, వేలు తెగుతుంది) బద్ద మా ఆవిడకి ఇచ్చేశాడు.

ఈ మొత్తం తతంగానికి పేరు షార్పెన్. అంటే షార్పెన్ చెప్పేది ఫలితాన్ని: మొద్దుగా ఉన్నది పదునెక్కింది. ఎలా ఎక్కిందో అది చెప్పదు. గ్రైండ్, హోన్, స్ట్రాప్ చెప్పేవి పనిని: ఏ రాయి, ఎంత ఒత్తిడి, ఏ దశ. ఎలా చేశారో చెప్పాల్సిన అవసరం లేకపోతే షార్పెన్ రాసి ఊరుకోండి, ఎవరూ తప్పు పట్టరు.

గ్రైండ్ అంటే పిండి ఆడించడం కాదా?

అదీ అవును, ఇదీ అవును. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పదునుకి ఇంగ్లీషువాడి దగ్గర మాటలెక్కువ అనుకున్నాం కదా, గ్రైండ్ దగ్గర మనమే సంపన్నులం. ఇడ్లీ పిండి రుబ్బుతాం. కందిపప్పు తిరగట్లో విసురుతాం. గోంగూర రోట్లో నూరుతాం. గంధం సాన మీద అరగదీస్తాం. ఇంగ్లీషువాడికి వీటన్నిటికీ గ్రైండ్ ఒక్కటే దిక్కు. మిల్లులో ఆడించినా అదే, మిక్సీలో వేసినా అదే.

చిత్రం ఏమిటంటే ‘నూరడం’ అన్న మన మాట కూడా గ్రైండ్ లాగే రెండు వైపులా పోతుంది. పచ్చడి నూరతాం, కత్తి నూరతాం. రాయి మీద పెట్టి రాపాడించడం రెండిట్లోనూ ఉంది, అరగాల్సింది ఒకచోట పదార్థం, ఒకచోట పనిముట్టు. కోపమొస్తే పళ్ళు కూడా నూరతాం, ఇంగ్లీషువాళ్ళూ పళ్ళని గ్రైండే చేస్తారు. ఒకరికొకరు చెప్పుకుని పెట్టుకున్నవి కావు ఇవి, రాయి దగ్గర కూచున్న మనిషికి ఎక్కడైనా తోచే పోలికలు.

పరీక్షలో పోయే మార్కు ఇక్కడ ఇంకోటుంది. గ్రైండ్‌కి భూతకాలం గ్రౌండ్. ‘గ్రైండెడ్’ అని రాస్తే కొట్టేస్తారు. నేల అనే గ్రౌండ్‌తో దీనికి సంబంధం లేదు. ‘ఫ్రెష్లీ గ్రౌండ్ కాఫీ’ అని ప్యాకెట్టు మీద ఉంటే అది నేల మీది కాఫీ కాదు, అప్పుడే పొడి చేసినది.

‘యాక్స్ టు గ్రైండ్’ అంటే గొడ్డలి నూరుకోవడమేనా?

మాటకి మాట అయితే అంతే. వాడకంలో మాత్రం స్వలాభం మనసులో పెట్టుకుని మాట్లాడటం. ‘ఐ హావ్ నో యాక్స్ టు గ్రైండ్’ అన్నాడంటే ఇందులో నాకేమీ ఒరిగేది లేదు అని. మనం ‘వాళ్ళిద్దరూ కత్తులు నూరుకుంటున్నారు’ అంటే పగ. ఆ అర్థంలో యాక్స్ వాడితే తేడా కొడుతుంది. మన కత్తులు నూరుకోవడానికి దగ్గరగా వచ్చేది ‘షార్పెనింగ్ దెయిర్ నైవ్స్’. గొడ్డలికి స్వార్థం, కత్తికి పగ, అలా గుర్తుపెట్టుకోమని పిల్లలకి చెబుతాను.

హోన్‌కీ షార్పెన్‌కీ అసలు తేడా ఏమిటి? ‘హోన్ యువర్ స్కిల్స్’ అని ఎందుకు అంటారు, ‘షార్పెన్’ అంటే తప్పా?

తప్పు కాదు, రెండూ నడుస్తాయి. కానీ రుచి వేరు.

హోన్ మొదట క్రియ కాదు, రాయి పేరు. పాత ఇంగ్లీషులో హాన్ అంటే రాయి. ఆ రాయి మంగలికత్తుల రాయిగా నిలబడి, రాయి పేరే పనికి వచ్చింది. మంగలికత్తిని ఎవరూ సానచక్రం మీద పెట్టరు. అది అప్పటికే పదునుగా ఉంటుంది, దాన్ని ఇంకాస్త తేర్చాలి. అందుకే హోన్ అన్నప్పుడల్లా ‘ముందే ఉన్నదాన్ని మెరుగుపరచడం’ అనే అర్థం వెంట వస్తుంది. నిన్న ఈత మొదలెట్టిన పిల్లాడు ఈతని హోన్ చెయ్యడు. పదేళ్ళుగా మా ఊరి మహేంద్రతనయ ఏట్లో ఈదుతున్నవాడు చేస్తాడు.

మనకి ఈ అర్థంలో మంచి మాటలున్నాయి. ‘రాటుదేలడం’ ఒకటి, ‘ఆరితేరడం’ ఒకటి. అవి మనిషికి వాటంతటవి జరిగేవి. హోన్ మనం పూనుకుని చేసేది. ‘ప్రతిభకి సానపెట్టడం’ అని పత్రికల్లో రాస్తారే, అది సరిగ్గా అతుకుతుంది.

వంటింట్లో ఇంకో హోన్ ఉంది. హోటళ్ళలో పెద్ద కత్తిని పొడుగాటి ఉక్కు కడ్డీ మీద సర్రు సర్రుమని ఆడిస్తారు చూడండి, ఆ కడ్డీ కత్తిని పెద్దగా అరగదీయదు. వాడగా వాడగా అంచు ఒక పక్కకి ఒరిగిపోతుంది, దాన్ని నిటారుగా నిలబెడుతుంది. అంచు నిజంగా అరిగిపోయాక ఆ కడ్డీ ఎంత ఆడించినా లాభం లేదు, రాయి దగ్గరికి పోవాల్సిందే. రాళ్ళకీ అంకెలుంటాయి. 400 అంటే గరుకు, గంట్లు తీసేది. 1000 మామూలు నూరుడికి. 3000, ఆపైన హోన్ చేసే నున్నటి రాళ్ళు. అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన. వంటకత్తిని రాయి మీద ఒక్కో పక్కకి 15 నుంచి 20 డిగ్రీల వాలులో పడతారు. గొడ్డలికి అంత సన్నం పనికిరాదు, మొదటి దెబ్బకే అంచు విరుగుతుంది.

‘హోన్ ఇన్ ఆన్’ సరైనదా, ‘హోమ్ ఇన్ ఆన్’ సరైనదా?

హోమ్. పావురం ఎక్కడ వదిలినా ఇల్లు చేరుకుంటుంది కదా, ఆ ఇల్లే ఇది. గురి వైపు సూటిగా దగ్గరపడటం. చెవికి రెండూ ఒకేలా ఉండటంతో హోన్ ఇన్ పుట్టింది, అమెరికా నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. పరీక్షలో హోమ్ రాయండి.

‘వెట్ యువర్ ఆపిటైట్’లో తడి ఎక్కడుంది? వెట్‌స్టోన్ అంటే తడిరాయేనా?

తడి లేదు. స్పెల్లింగు చూడండి: డబ్ల్యూ, హెచ్, ఈ, టీ. తడికి హెచ్ ఉండదు. చాలామంది ఇంగ్లీషువాళ్ళు పలకడంలో తేడా చూపించరు గనక వాళ్ళే తప్పు రాస్తుంటారు, మన పిల్లల్ని ఏమంటాం.

ఈ హెచ్ ఉన్న వెట్ చాలా పాత మాట. పాత ఇంగ్లీషులో హ్వెత్తన్, ‘చురుకైన’ అనే మాట నుంచి వచ్చింది. చురుకు పుట్టించడం అనుకోండి. కత్తికి చురుకు పుట్టిస్తే నూరడం, కడుపుకి పుట్టిస్తే ఆకలి రేపడం. అందుకని వెట్‌స్టోన్ అంటే నూరే రాయి, అంతే. దాని మీద నీళ్ళు చల్లుతాం గనక తడిరాయి అనుకోవడం తేలిక. కానీ నూనె వేసి నూరే రాళ్ళూ ఉన్నాయి, వాటినీ వెట్‌స్టోన్ అనే అంటారు.

ఇప్పుడు కత్తికి వెట్ వాడేవాళ్ళు తక్కువ. ఆకలి, ఆసక్తి, కుతూహలం, వీటికే మిగిలింది. పెళ్ళిలో విందుకి ముందు ఇచ్చే రెండు పకోడీలు చేసే పని అది. కడుపు నింపడం కాదు, నోరూరించడం.

‘సాన పట్టిన’ అనడానికి షార్పెన్డ్ అని రాయొచ్చా?

ఇది నేను నా చేత్తో చేసిన తప్పు, కనక కాస్త వివరంగా చెబుతాను.

మా ఊరు కొమ్ముపనికి పేరున్న ఊరు. గేదె కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేస్తారు. కొమ్ముని వేడి చేసి వంపు తీర్చి, రంపంతో కోసి, ఆకురాయితో రాసి, చివరికి నల్లరాయిలా తళతళలాడేదాకా మెరుగు పెడతారు. చాలా ఏళ్ళ కిందట తెలిసినాయన దువ్వెనలకి కట్టే చీటీల మీద ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసిపెట్టమన్నాడు. ‘బాగా సాన పట్టిన కొమ్ము దువ్వెన’ అని ఆయన తెలుగులో చెప్పాడు. నేను ‘వెల్ షార్పెన్డ్ హార్న్ కోంబ్’ అని రాసిచ్చాను. రెండొందల చీటీలు. ఎవరో పరదేశి ఆవిడ చీటీ చదివి, దువ్వెన పళ్ళు వేలితో తడిమి, చిన్నపిల్ల తలకి ఇది ప్రమాదం కాదా అని అడిగిందట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తరవాత చీటీలు వేరేవాళ్ళ చేత రాయించుకున్నాడు.

సాన అంటే అరగదీసే రాయి. కత్తిని సాన పడితే పదునెక్కుతుంది, వజ్రాన్ని సాన పడితే కాంతి వస్తుంది, కొమ్ముని పడితే నునుపొస్తుంది. తెలుగు మాట రాయి దగ్గర నిలబడి మాట్లాడుతుంది, ఇంగ్లీషు మాట ఫలితం దగ్గర నిలబడి. అందుకని వజ్రానికి కట్ అనో పాలిష్ అనో రాయాలి. కొమ్ముకి పాలిష్, చివరి గుడ్డ మెరుగుకి బఫ్. కత్తికి మాత్రమే షార్పెన్.

ఆకురాయి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది ఫైల్. గోళ్ళు రాసుకునేదీ ఫైలే. ఆఫీసులో దుమ్ము పట్టే ఫైలు వేరే మాట, దారం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, పూర్వం కాగితాలని దారానికి గుచ్చేవాళ్ళు గనక. రెండిటికీ స్పెల్లింగు ఒకటే, చుట్టరికం లేదు.

రోలుకి కక్కు కొట్టడం ఇంగ్లీషులో ఏమంటారు?

డ్రెస్. నవ్వకండి, నిజమే. తిరగలి రాయి వాడగా నున్నబడిపోతే గింజ నలగదు, జారిపోతుంది. ఉలితో గాళ్ళు మళ్ళీ కొట్టి రాయిని గరుకు చెయ్యడాన్ని ‘డ్రెసింగ్ ది మిల్‌స్టోన్’ అంటారు. బట్టలు తొడగడం ఈ మాటకి తరవాత వచ్చిన అర్థం. సరిచెయ్యడం, సిద్ధం చెయ్యడం ముందు నుంచీ ఉన్నది. గాయానికి కట్టు కట్టడాన్ని డ్రెసింగ్ అనేదీ అందుకే.

‘కక్కు కొడతామమ్మా’ అనే కేక మా వీధిలో విని చాలా కాలమైంది. మిక్సీ జారుకు కక్కు అక్కర్లేదు. కొడవలికి కూడా కక్కు ఉంటుంది, ఆ పళ్ళ వల్లే వరి దుబ్బు చేతిలో జారకుండా తెగుతుంది. ఇలాంటి పళ్ళ కొడవలిని ఇంగ్లీషులో సెరేటెడ్ అంటారు. దీన్ని రాయి మీద నూరితే పళ్ళు పోతాయి. కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ కొట్టించాల్సిందే.

రంపానికైతే రెండు పనులు. ప్రతి పన్నూ ఆకురాయితో రాయడం ఫైల్ చెయ్యడం. రెండోది, ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకి కొద్దిగా వంచడం, అది సెట్ చెయ్యడం. ఆ వంపు వల్ల కోత రంపపు రేకు కంటే వెడల్పుగా పడుతుంది, రంపం కర్రలో బిగుసుకోదు. సెట్ చెయ్యని రంపం ఎంత పదునున్నా మధ్యలో ఇరుక్కుని ఏడిపిస్తుంది.

నాగలి కర్రు అరిగితే కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొడతాడు. అక్కడ ఇనుము పోదు, సాగుతుంది. ఇంగ్లీషులో అది డ్రా అవుట్. గ్రైండుకి తీసివేత, డ్రాకి సాగదీత. దీన్ని కూడా షార్పెన్ అన్నారనుకోండి, మన రైతుకి అర్థమవుతుంది, కమ్మరికి మాత్రం ఒళ్ళు మండుతుంది.

పెన్సిలుకి ‘చెక్కు’ అంటాం కదా. కార్వ్ అని రాశాను, మార్కు పోయింది.

పోవాల్సిందే. కార్వ్ చేస్తే పెన్సిలు మీద బొమ్మ వస్తుంది. షార్పెన్ రాయాలి.

చెక్కే సాధనాన్ని హైదరాబాదు వైపు పిల్లలు మెండర్ అంటారు. మా ఊళ్ళో ఒకమ్మాయి అక్కడి నుంచి బదిలీ మీద వచ్చి ‘మెండర్ ఇవ్వవా’ అంటే పక్కపిల్ల తెల్లమొహం వేసింది. ఆ మాట తప్పని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. ఈకకలాలతో రాసే రోజుల్లో కలం మొన అరిగితే చిన్న చాకుతో మళ్ళీ చెక్కేవాళ్ళు, దాన్ని ఇంగ్లీషులో పెన్ మెండ్ చెయ్యడం అనే అనేవాళ్ళు. ఆ చాకే పెన్‌నైఫ్. కలాలు పోయాయి, చాకు పేరు మిగిలింది.

బేరాల్లో ‘షార్పెన్ యువర్ పెన్సిల్’ అంటే మళ్ళీ లెక్క వేసి ధర తగ్గించు అని. పెన్సిలు అక్కడ లేకపోయినా ఫరవాలేదు.

‘ఎగ్ ఆన్’ ఈ జాబితాలో ఎందుకు పెట్టారు?

గుడ్డుతో దానికి సంబంధం లేదు గనక. నార్వే వైపు పాత భాషలో ఎగ్యా అంటే అంచు తీర్చడం, ఉసిగొల్పడం. అంచు అనే ఎడ్జ్‌కి అది చుట్టం. ఎవణ్ణో ఎగదొయ్యడానికి ఎగ్ ఆన్. కత్తికి అంచు పెట్టినట్టు మనిషికి రోషం పెట్టడం. సంతలో రెండు కోళ్ళు ఎదురుపడితే చుట్టూ నిలబడ్డ మొగాళ్ళు చేసే పని అదే. మనకి ‘ఎగదొయ్యడం’లో కూడా ఎగ ఉంది, కానీ అది పూర్తిగా కాకతాళీయం. దాన్ని పట్టుకుని తెలుగు నుంచే ఇంగ్లీషు పుట్టిందని రాయకండి, ఒకబ్బాయి రాశాడు.

ఫోనులో ఫోటోని షార్పెన్ చేస్తే నిజంగా స్పష్టత వస్తుందా?

వచ్చినట్టు కనిపిస్తుంది. ఫోటోలో లేని వివరం ఎక్కడి నుంచీ రాదు. వెలుగూ చీకటీ కలిసే గీతల దగ్గర వెలుగుని ఇంకాస్త వెలుగు, చీకటిని ఇంకాస్త చీకటి చేస్తుంది, కన్ను దాన్ని పదును అనుకుంటుంది. మరీ ఎక్కువ చేస్తే మనిషి చుట్టూ తెల్లగీత వస్తుంది.

ఈ పనిచేసే పద్ధతుల్లో ఒకదాని పేరు అన్‌షార్ప్ మాస్క్. పదును పెట్టేదాన్ని పట్టుకుని అన్‌షార్ప్ అనడమేమిటని పిల్లలు తగువుకొస్తారు. ఫిల్ము కడిగే చీకటిగదుల్లో పుట్టిన పేరు అది. అసలు ఫోటో ఫిల్ముకి కావాలని మసకగా తీసిన నకలు జోడించి ముద్రించేవాళ్ళు, గీతలు తేటపడేవి. ఇప్పుడు కంప్యూటరు అదే పని లెక్కలతో చేస్తుంది: అసలులోంచి మసకని తీసేస్తే మిగిలేది గీతలే, ఆ గీతల్ని తిరిగి అసలుకి కలుపుతుంది. మసకే ఇక్కడ సానరాయి.

పాటలో షార్పెన్ అంటే?

స్వరాన్ని అర మెట్టు పైకెత్తడం. బ్రిటన్ వాళ్ళు షార్పెన్ అంటారు, అమెరికా వాళ్ళు ఊరికే షార్ప్ అని అదే క్రియ చేసేస్తారు. దానికి ఎదురు ఫ్లాటెన్. గాయకుడు షార్ప్‌గా పాడాడంటే మెచ్చుకున్నట్టు కాదు, శ్రుతి మీద నుంచి పోయాడని.

షార్ప్ అంటే ఎప్పుడూ మెచ్చుకోలేనా?

మన పెళ్ళిచూపుల్లో ‘కుర్రాడు షార్ప్’ అంటే మెచ్చుకోలే. ఇంగ్లీషులో జాగ్రత్త. షార్పర్ అని నామవాచకంగా వాడితే మోసగాడు, అందులోనూ పేకాట మోసగాడు. ‘షార్ప్ ప్రాక్టీస్’ అంటే చట్టానికి దొరక్కుండా చేసే దగుల్బాజీ వ్యాపారం. ‘లుక్ షార్ప్’ అంటే అందంగా కనబడమని కాదు, త్వరగా కానీమని తొందరపెట్టడం, అమెరికా వాడు అన్నాడంటే మాత్రం నిజంగా బట్టలు బాగున్నాయనే. కొండదారి మీద ‘షార్ప్ టర్న్’ బోర్డు చూసి ఏ డ్రైవరూ పదునైన మలుపు అనుకోడు, బ్రేకు మీద కాలేస్తాడు.

క్రియలోనూ ఈ రెండో ముఖం ఉంది. ‘హర్ వాయిస్ షార్పెన్డ్’ అంటే గొంతు బాగుపడలేదు, కటువుగా మారింది. ఇక్కడ పదును రాయకండి, ‘గొంతు కరుకెక్కింది’ అనండి. నొప్పి షార్పెన్ అయితే ఎక్కువైనట్టు.

ఒడియాలో ‘ధార’ అంటారు. తెలుగులో ధార అంటే నీళ్ళు కదా?

అవును, మా ఇళ్ళలో రోజూ నవ్వుకునే సంగతి ఇది. ఒడియాలోనూ మరాఠీలోనూ కత్తి అంచు ధార. తెలుగులో రోజువారీ మాటగా ధార పాలది, చెమటది, వానది. కానీ ఖడ్గధార, అసిధారావ్రతం అని పుస్తకాల్లో మనకీ ఉంది. సంస్కృతం ఒకే చెరువు, ఎవరి బిందె వాళ్ళు ముంచుకున్నారు. సాన కూడా అలాంటిదే, ఒడియాలో శాణ.

ఇంతకంటే తమాషా కత్తిపీట పేరు. ఒడియాలో దాన్ని పనికి అంటారు. శ్రీకాకుళం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మా మేనకోడల్ని పక్కింటావిడ ‘పనికి అఛి కి?’ అని అడిగింది. మా పిల్ల ‘మాకు పనికి ఎవరూ రారండీ, నేనే చేసుకుంటాను’ అని జవాబిచ్చింది. ఆవిడకి ఏం అర్థమైందో గానీ కత్తిపీట దొరక్క చేతిలో గుమ్మడికాయతోనే వెనక్కి పోయింది.

‘నేల పదునుగా ఉంది’ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

షార్ప్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాన పడి దున్నడానికి సరిపడా తడి దిగిందని మన భావం. ‘ది సాయిల్ ఈజ్ మాయిస్ట్ ఎనఫ్ టు ప్లౌ’ అని విడమరిచి రాయాలి. ఒక్క మాటలో ఇమిడేది లేదు. పదును అంటే మనకి అంచు ఒక్కటే కాదు, పని చెయ్యడానికి సరైన అదను, స్థితి. కత్తికి పదునుంది, నేలకి పదునుంది, ఉక్కుకి కొలిమిలో పెట్టే పదునుంది. మూడిటికీ ఇంగ్లీషులో మూడు దారులు: ఎడ్జ్, మాయిశ్చర్, టెంపర్.

షార్పెన్‌లో చివరి ‘ఎన్’ తగిలించి బ్లంటెన్ అనొచ్చా?

అనకూడదు. బ్లంట్ తనే క్రియ, డల్ కూడా తనే క్రియ. ఈ తోక వైడెన్, డీపెన్, సాఫ్టెన్, డార్కెన్ లాంటి కొన్నిటికే అంటుతుంది.

అక్యూట్ కూడా పదునేనా? మరి అక్యూట్ కోణం?

లాటిన్‌లో అక్యూటస్ అంటే పదును పెట్టబడినది. మొన తేలిన కోణం అక్యూట్ కోణం. మన లెక్కల పుస్తకం దాన్ని అల్పకోణం అంది, కొలత చూసి. ఒడియా పుస్తకం సూక్ష్మకోణం అంది. ఇక్కడ ఇంగ్లీషే అంచుని చూసింది. డాక్టరు అక్యూట్ అంటే మాత్రం ‘ప్రమాదకరం’ అని తర్జుమా చేసి ఇంట్లోవాళ్ళని బెదరగొట్టకండి. హఠాత్తుగా మొదలైంది, దీర్ఘకాలికం కాదు అనే దానికి అర్థం.

కక్కు, సాగగొట్టడం, నూరడం ఇవన్నీ పల్లెటూరి మాటలు కదా. తర్జుమా పేపర్లో ‘నిశితము చేయుట’ అని రాస్తే గౌరవంగా ఉండదా?

ఈ ప్రశ్న ఇంకే ఊళ్ళోనైనా అడగండి గానీ పర్లాకిమిడిలో కాదు. మా రాజావారి బళ్ళోనే గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పాడు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పండితులందరితో తగువేసుకున్నది ఆయన. కొండల్లో సవరల మధ్య కూచుని వాళ్ళ భాష నేర్చి నిఘంటువు చేశాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై మా ఊరు అటు చేరిపోతే, ముసలితనంలో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేస్తాం, మరునాటి నుంచి ‘నిశితము చేయుట’ రాస్తాం.

నిశిత మంచి మాటే. ‘నిశితంగా పరిశీలించాడు’ అన్నచోట అది లేకపోతే తోచదు. కత్తిపీటకి మాత్రం నూరడమే రాయండి.

ఇవన్నీ గుర్తుండటానికి ఏదైనా చిట్కా ఉందా మాస్టారూ?

సానవాడు వచ్చినప్పుడు లోపలికి పోకండి. అతను నీళ్ళడబ్బాలో బద్ద ముంచినప్పుడు, రాయి మార్చినప్పుడు, బెల్టు తీసినప్పుడు ఏ మాట వాడాలో మనసులో అనుకోండి. మా వీధికి పౌర్ణమి దాటాక ఒకసారి వస్తాడు, పొద్దున తొమ్మిదిన్నరకి. నైన్ థర్టీ షార్ప్ అని మాత్రం చెప్పలేను.